గర్భిణికి, బాలింతకు మలద్వారం చీలితే



ముళబాగిలు తాలూకాలోని ఆవని గురించి మన ప్రాంతంలో తెలియనివారుండరు. ఊళ్ళో నొలంబ రాజుల కాలం నాటి రామలింగేశ్వరుని గుళ్ళు, పక్కనే కొండ, కొండ మీద సీతమ్మ గుడి. నిండు చూలాలైన సీతమ్మకు వాల్మీకి మహర్షి ఆశ్రయమిచ్చిందీ, ఆమె లవకుశులను కన్నదీ ఇక్కడేనని ఊరివారి నమ్మకం. అందుకే బిడ్డల కోసం మొక్కుకొనే ఆడవాళ్ళు ఆ కొండెక్కి వెళ్తుంటారు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళకు వైద్యం చేస్తూ నేను చాలా ఏళ్ళు గడిపాను. కడుపుతో ఉన్నప్పుడూ, కాన్పయ్యాకా వచ్చే బాధల్లో వాళ్ళు నోరు విప్పి చెప్పేవి కొన్ని, చెప్పనివి కొన్ని. వాంతులు చెబుతారు, కాళ్ళ వాపులు చెబుతారు, నడుము నొప్పి చెబుతారు. దొడ్డికి వెళ్ళేటప్పుడు ప్రాణం పోతున్నంత నొప్పిగా ఉందని మాత్రం చెప్పరు. ఈ రోజు ఆ చెప్పని బాధ గురించే మాట్లాడతాను. వినడానికి ఇబ్బందిగా ఉంటే రేడియో ఆపేయకండి. ఇంట్లో మగవాళ్ళు కూడా వింటే ఇంకా మంచిది.

ఒకసారి ఏడోనెల గర్భిణి ఒకామె అత్తగారితో వచ్చింది. రెండు నెలలుగా బరువు పెరగలేదు. రక్తం తక్కువగా ఉంది. ‘అన్నం సరిగా తింటున్నావా తల్లీ?’ అని అడిగితే తల దించుకుంది. ‘పొద్దున ఒక ముద్ద తింటుంది డాక్టరమ్మా, రాత్రికి ఏమీ వద్దంటుంది. ఏదన్నా గాలి సోకిందేమో’ అంది అత్తగారు. పెద్దావిడను కాసేపు బయట కూర్చోమన్నాను. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. తింటే దొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని తిండి మానేసిందట. రక్తం పట్టడానికి ఇచ్చిన ఇనుము మాత్రలు వేసుకుంటే మరీ గట్టిపడుతోందని వాటిని పెరట్లో పారేస్తోందట. మూడు వారాలుగా నెత్తురు పడుతోంది. ఆ నెత్తురు బిడ్డ దగ్గర్నుంచి వస్తోందేమోనని రాత్రుళ్ళు నిద్ర లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష చేస్తే కనిపించింది అర అంగుళం కూడా లేని చిన్న చీలిక. మలద్వారం అంచున పలచని చర్మం ఉంటుంది. గట్టిపడిన మలం బలవంతంగా బయటికి వచ్చేటప్పుడు ఆ చర్మం చిట్లుతుంది. దీన్నే ఆస్పత్రుల్లో ఫిషర్ అంటారు. ఎక్కువగా వెనకవైపు మధ్యలో వస్తుంది. ఆడవాళ్ళలో, ముఖ్యంగా కాన్పు తర్వాత, ముందువైపు కూడా రావచ్చు. పుండు చిన్నదే, బాధ మాత్రం చాలా పెద్దది. గాజుపెంకుతో కోసినట్టుందని చెబుతారు. దొడ్డికి వెళ్ళి వచ్చాక కూడా మంట, పీకుడు కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా ఉంటుంది. ఎర్రటి నెత్తురు రెండు మూడు చుక్కలు పడుతుంది, లేదా మలం మీద గీతలాగా కనబడుతుంది.

అంత చిన్న గాయం ఎందుకు మానదో చెబుతాను. మలద్వారం చుట్టూ లోపల ఒక కండరం ఉంది. మన ఇష్టంతో పనిలేకుండా అది దానంతటదే బిగిసి ఉంటుంది. నొప్పి పుట్టగానే ఆ కండరం ఇంకా బిగుసుకుంటుంది. బిగుసుకుంటే గాయానికి రక్తం సరిగా అందదు. రక్తం అందని గాయం మానదు. మనిషి భయపడి రెండు రోజులు ఆపుకుంటుంది. లోపల ఉండిపోయిన మలంలోని నీటిని పెద్దపేగు పీల్చేస్తుంది. మూడో రోజున అది రాయిలాగా వచ్చి అదే చోట మళ్ళీ చీలుస్తుంది. మలాన్ని మెత్తపరిచి, కండరం బిగువును తగ్గిస్తే చాలు, గాయం తనంతట తాను మానుతుంది. కొత్తగా వచ్చిన చీలికల్లో చాలావాటికి కత్తితో పనే లేదు.

మన ఊళ్ళలో కింద ఏ బాధ వచ్చినా మొలలే అంటారు. మొలలు వేరు, ఇది వేరు. లోపలి మొలల నుంచి నెత్తురు పడినా సాధారణంగా నొప్పి ఉండదు. బయటి మొలలో రక్తం గడ్డకడితే ద్వారం పక్కన నీలంగా గట్టి ఉండ తేలి, కూర్చోనివ్వదు. చీలికలో ఉండ ఉండదు, కోసినట్టు నొప్పి ఉంటుంది. పాతబడితే మాత్రం చీలిక పక్కన చిన్న చర్మపు తోక పెరుగుతుంది. అది చూసే చాలామంది మొల అనుకుంటారు. సంతలో గోడల మీద ‘ఒక్క సూదితో మొలలు మాయం’ అని రాసి ఉంటుంది చూడండి, అక్కడికి వెళ్ళేవాళ్ళలో ఎంతోమందికి ఉన్నది ఈ చీలికే. దానికి ఆ సూదీ అక్కర్లేదు, ఘాటైన ఏ పొడీ అక్కర్లేదు. అటువంటి చోట ఏదో పసరు పూయించుకొని చర్మం కాలిపోయి వచ్చిన ఐదోనెల గర్భిణిని నేను చూశాను. చీలిక మూడు వారాల్లో మానింది. కాలిన పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

కడుపుతో ఉన్నప్పుడే ఇది ఎందుకు ఎక్కువ? గర్భం నిలవగానే ఒంట్లో ప్రొజెస్టెరోన్ అనే రసం పెరుగుతుంది. గర్భసంచి ముడుచుకోకుండా అది కాపాడుతుంది. అదే రసం పేగుల కదలికను కూడా మందగింపజేస్తుంది. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి పెద్దపేగు మీద ఒత్తుకుంటుంది. వాంతుల వల్ల నీళ్ళు తాగబుద్ధి కాదు. దానికి తోడు ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు. ఇక కాన్పు సమయంలో ముక్కడం, కుట్లు, ఆ తర్వాత భయంతో ఆపుకోవడం. ఫ్రాన్సు దేశపు వైద్యులు 165 మంది తల్లులను పరిశీలించి 2002లో ప్రకటించిన లెక్క ఒకటుంది. కాన్పు తర్వాత వాళ్ళలో 25 మందికి చీలికలు వచ్చాయి. సుమారు ప్రతి ఏడుగురిలో ఒకరన్నమాట. అన్ని వసతులున్న దేశంలోనే ఇంతమందికి వస్తే, మన పల్లెల్లో ఎవరికో ఒకరికి మాత్రమే వచ్చిన సిగ్గుపడే జబ్బు అనుకోవడానికి వీల్లేదు.

మన దగ్గర ఇంకో రెండు కారణాలున్నాయి. ఒకటి మరుగు. 2014 తర్వాత పల్లెల్లో మరుగుదొడ్లు చాలా కట్టారు, నిజమే. కానీ నీళ్ళు లేక తాళం వేసినవీ, కట్టెలు పేర్చుకున్నవీ నేను చూశాను. కోలారు జిల్లాలో బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని చోట్లున్నాయి. దొడ్డికి పొద్దుగూకేదాకా ఆపుకోవడం, అందుకోసమే పగలంతా నీళ్ళు తక్కువగా తాగడం, ఇది ఆడవాళ్ళకు చిన్నప్పటినుంచీ అలవాటైపోయింది. కడుపుతో ఉన్న కోడలు ఉన్న ఇంట్లో ముందుగా ఆ మరుగుదొడ్డి తాళం తీయండి, ఒక బక్కెట నీళ్ళు అక్కడ పెట్టండి. నేను రాసే ఏ మందుకన్నా అది ముందు.

రెండోది బాలింత పథ్యం. మన పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, కాదనను. వెల్లుల్లి, మిరియాలు, నెయ్యి, మెంతులు పెట్టడంలో తప్పు లేదు. కానీ నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందనీ, పచ్చి గాయమనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ గుటకలు లెక్కపెట్టి ఇస్తారు. ఆకుకూర వద్దంటారు, పండు వద్దంటారు. తెల్లన్నం, కారప్పొడి, ఎండు చారు. పాలిచ్చే తల్లి ఒంట్లోంచి రోజుకు ముప్పావు లీటరు దాకా పాలు పోతాయి. పోయే నీటికి తగ్గట్టు వచ్చే నీరు లేకపోతే పేగు మలంలోంచి పీల్చుకుంటుంది. ఒక పెద్దావిడ నాతో వాదించింది: ‘మేమందరం ఇట్లే కన్నాం డాక్టరమ్మా, మాకేమీ కాలేదు.’ నేను నెమ్మదిగా అడిగాను, ‘అవ్వా, నీకప్పుడు దొడ్డికి బాగా అయ్యేదా?’ ఆమె కాసేపు ఊరుకుని, ‘అది ఎవురికి చెప్పుకునేది తల్లీ’ అంది. తర్వాత కూతురికి చెంబుతో నీళ్ళు ఆమే తెచ్చి ఇచ్చింది.

ఇక చికిత్స చెబుతాను. మొదటిది నీళ్ళు. రోజుకు రెండున్నర లీటర్ల దాకా తాగాలి. మజ్జిగ, పలచటి చారు కూడా అందులోకే వస్తాయి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి తాగాలి. పాలిచ్చే తల్లి బిడ్డకు పాలు పట్టిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళు తాగితే లెక్క పెట్టే పని ఉండదు.

రెండోది పీచు ఉన్న తిండి. ఇందులో మన ప్రాంతం అదృష్టం చేసుకుంది. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. సంగటి వేడి చేస్తుందని బాలింతకు మానిపించకండి. సంగటితో బస్సారు, తోటకూర, దంటాకు, మునగాకు పెట్టండి. చలికాలంలో అనపకాయలు వచ్చే రోజుల్లో అనపగింజలు, మిగతా రోజుల్లో అలసందలు, ఉలవలు. జామపండు, అరటిపండు, మామిడి కాలంలో మామిడిపండు. బాగా పండిన బొప్పాయి కొద్దిగా తింటే గర్భానికి ముప్పు లేదు, పచ్చికాయ మాత్రం వద్దు. అయితే బొప్పాయి పేరెత్తితేనే ఇంట్లో గొడవ జరిగేటట్టయితే జామపండుతో సరిపెట్టుకోండి, దాని కోసం పోట్లాట ఎందుకు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, కాబట్టి వారం రోజుల్లో మెల్లగా పెంచాలి. నీళ్ళు లేకుండా పీచు మాత్రం పెంచితే ఇంకా బిగుసుకుపోతుందని మరిచిపోవద్దు.

మూడోది గోరువెచ్చని నీళ్ళలో కూర్చోవడం. వెడల్పాటి బేసిన్‌లో నాలుగైదు అంగుళాల నీళ్ళు పోసి, నడుము కింది భాగం మునిగేలా పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. దొడ్డికి వెళ్ళి వచ్చాక ఒకసారి, రోజు మొత్తం మీద రెండు మూడు సార్లు. ఆ వెచ్చదనానికి బిగుసుకున్న కండరం వదులవుతుంది. పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు మోచేయి పెట్టి చూస్తాం కదా, అంత వేడి చాలు. బాలింతకు పొగలు కక్కే నీళ్ళు పోసే అలవాటు మనకుంది, ఆ వేడి ఈ గాయం మీద పడకూడదు. డెటాల్, సబ్బు, పసుపు ఏవీ కలపక్కర్లేదు. నెలలు నిండిన గర్భిణి కూర్చొని లేచేటప్పుడు పక్కన ఒకరుండి చేయి ఇవ్వాలి. కాన్పు కుట్లు ఉన్నవాళ్ళు కూడా శుభ్రమైన నీళ్ళలో ఇలా కూర్చోవచ్చు, తర్వాత మెత్తని గుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు.

కూర్చునే తీరు గురించి ఒక మాట. గొంతుక్కూర్చోవడం మంచి భంగిమే. కుర్చీలాంటి కమోడ్ వాడేవాళ్ళు కాళ్ళ కింద చిన్న పీట వేసుకోవాలి. పిలుపు వచ్చినప్పుడే వెళ్ళాలి. అర్ధగంట కూర్చొని ముక్కకూడదు.

ఇవన్నీ చేసినా మలం మెత్తబడకపోతే అప్పుడు మందు. ఇసబ్గోల్ పొట్టు చాలామందికి తెలిసిందే. అది పేగులోంచి రక్తంలోకి వెళ్ళదు, నీటిని పట్టుకొని మలాన్ని మెత్తగా ఉంచుతుంది, అంతే. అందువల్ల కడుపులో బిడ్డకు గానీ, పాలు తాగే బిడ్డకు గానీ చేరే ప్రశ్న లేదు. రాత్రి ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగి, మీద ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. ఇనుము మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. లాక్టులోజ్ అనే తియ్యని పానకం మందు కూడా రక్తంలోకి దాదాపుగా చేరదు, గర్భిణులకూ బాలింతలకూ ఇస్తారు. కొందరికి దీనివల్ల గ్యాస్ వస్తుంది. గర్భంతో చక్కెర జబ్బు వచ్చినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీసుకోవాలి.

ఇప్పుడు వద్దన్నవి వినండి. గర్భిణికి ఆముదం తాగించకూడదు. ఆముదం పేగులనే కాదు, గర్భసంచిని కూడా కదిలించి నెలలు నిండకముందే నొప్పులు తెప్పించగలదు. కాన్పయ్యాక కూడా ‘కడుపు కడగడానికి’ ఆముదం పట్టించి విరేచనాలు చేయిస్తారు. దానివల్ల ఒంట్లో నీరు పోతుంది, పుండు మంటెక్కుతుంది. సునాముఖి ఆకు కలిసిన చూర్ణాలు పేగును కొట్టి లేపేలాంటివి. డాక్టరు చెబితే కొద్ది రోజులు వాడవచ్చు, సొంతంగా వద్దు. లిక్విడ్ పారఫిన్ అనే నూనె మందు ఎక్కువ రోజులు తాగితే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు, గర్భిణికి అది మంచిది కాదు.

పూతమందుల సంగతి. నొప్పి తెలియకుండా చేసే లిడోకైన్ జెల్లీని దొడ్డికి వెళ్ళడానికి కొద్దిసేపు ముందు కొంచెం రాసుకోవచ్చు. కొద్ది రోజులే. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులను అంగడిలో అడిగి తెచ్చుకొని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఇంకా సులువుగా చీలుతుంది. కండరాన్ని వదులు చేసే నైట్రోగ్లిసరిన్, డిల్టియాజెమ్ పూతలున్నాయి. ఇవి కొంత రక్తంలోకి వెళ్తాయి. గర్భిణుల విషయంలో వీటిమీద అనుభవం తక్కువ కాబట్టి సాధారణంగా వాడం. పాలిచ్చే తల్లికి అవసరమైతే డాక్టరు లాభనష్టాలు చూసి రాస్తారు. భర్తకో, ఆడపడుచుకో రాసిన ట్యూబు ఇంట్లో ఉంది కదా అని పూసుకోకండి. నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ గర్భిణికీ బాలింతకూ సరిపోతుంది. ఐబుప్రొఫెన్ లాంటివి గర్భిణి, ముఖ్యంగా ఐదు నెలలు నిండాక, సొంతంగా వేసుకోకూడదు. పాలిచ్చేటప్పుడు డాక్టరు ఇస్తే ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చు. ట్రమడాల్, కోడీన్ మలబద్ధకాన్ని పెంచుతాయి, పాల ద్వారా బిడ్డకు మగత కలిగించవచ్చు, అవి వద్దు.

ఇనుము మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మొదట చెప్పిన ఆ అమ్మాయిలాగా పారేసేవాళ్ళు చాలామంది. ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు వేసుకోవాలి. వీటివల్ల మలం నల్లగా వస్తుంది, అది చూసి బెదరవద్దు. మలబద్ధకం ఎక్కువైతే ఆశా కార్యకర్తకో, నర్సుకో చెప్పండి. మాత్ర రకం మార్చడం, వేళ మార్చడం, అవసరమైతే సూది ద్వారా ఇనుము ఎక్కించడం, దారులు చాలా ఉన్నాయి. రక్తహీనతతో కాన్పుకు వెళ్ళడం ఎంత ప్రమాదమో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. చీలిక నొప్పి పెడుతుంది కానీ ప్రాణం తీయదు, రక్తహీనత తీస్తుంది.

‘ఇది ఉంటే మామూలు కాన్పు అవుతుందా, కోయాల్సి వస్తుందా?’ అని అడుగుతారు. ఇది ఒక్కటే ఉన్నందుకు సిజేరియన్ అక్కర్లేదు. ‘నొప్పి పడుతున్న తల్లి పాలు బిడ్డకు పడతాయా?’ అంటారు. పడతాయి. పుండుకూ పాలకూ సంబంధం లేదు. దీనికోసం ఒక్క పూట కూడా పాలు మానిపించవద్దు. ఆపరేషన్ సంగతి అంటారా, బిగిసిన కండరాన్ని కొద్దిగా కోసే పద్ధతి ఒకటుంది, పాత చీలికలకు బాగా పనిచేస్తుంది. కానీ గర్భంతో ఉన్నప్పుడు చేయకుండా ఆగుతాం. కాన్పు అయినవాళ్ళలో ఆ కండరం ముందే కొంత దెబ్బతిని ఉండవచ్చు, అప్పుడు కోస్తే గాలిని, మలాన్ని ఆపుకొనే శక్తి తగ్గవచ్చు. అందుకే పరీక్ష చేయకుండా, తొందరపడి ఎవరూ కోయకూడదు, మీరూ కోయించుకోకూడదు.

కొన్ని సందర్భాల్లో ఇంటి వైద్యంతో కూర్చోకండి. గర్భిణికి నెత్తురు కనిపిస్తే అది మలద్వారం నుంచా, యోని నుంచా అన్నది తేల్చుకోవాలి. అనుమానం ఉంటే, లేదా యోని నుంచే అయితే, అర్ధరాత్రయినా 108 అంబులెన్స్ పిలిచి ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరం, ద్వారం పక్కన వాపు, చీము ఉంటే అదే రోజు చూపించాలి. నెత్తురు ధారగా పోయినా, కళ్ళు తిరిగినా ఆగవద్దు. కాన్పయ్యాక మలం తెలియకుండా జారిపోతుంటే లోపలి కండరం తెగి ఉండవచ్చు, సిగ్గుపడి దాచితే బాగుచేసే సమయం దాటిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానని చీలిక, పక్కలకు వచ్చిన చీలిక, ఒకటికన్నా ఎక్కువ చీలికలు ఉంటే క్షయ వంటి వేరే జబ్బేమైనా ఉందేమో పరీక్షించాలి.

ఆ ఏడోనెల అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. అత్తగారిని లోపలికి పిలిచి, కోడలి ఒప్పుదలతో, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ మొదట ‘ఇంతేనా’ అంది, తర్వాత కోడలి వైపు తిరిగి ‘నాకు చెప్పకూడదా మే’ అంది. మూడు వారాలకు వచ్చినప్పుడు రెండు పూటలా తింటోంది, కిలోన్నర బరువు పెరిగింది, మాత్రలు వేసుకుంటోంది. మామూలు కాన్పే అయింది. కాన్పయిన నాలుగోనాడు మళ్ళీ కొంచెం నొప్పి మొదలైతే ఈసారి ఏడవలేదు. పుట్టింట్లో తల్లి నీళ్ళు తాగనివ్వడం లేదని అత్తగారే నాకు కబురు పంపింది.